తల పొగగొట్టం దిక్కు

మొన్న మా చిన్నమ్మను మట్టి చేసే చోట నాకు నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్విన మనిషిని ఎవరూ మెచ్చుకోరు. పక్కనున్న మరదలు మోచేత్తో పొడిచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకున్నాను. చూసినవాళ్లు ఏడుస్తున్నానే అనుకున్నారు, అదీ నా అదృష్టం.

ఇస్నాపూర్ అవతల మా సంఘానికి కొత్తగా దొరికిన సమాధుల తోట అది. తోట అన్న పేరే గానీ ఒక్క చెట్టు లేదు. చుట్టూ రేకుల షెడ్లు, కిరాయి గదులు, వాటి మీద నల్లటి నీళ్ల ట్యాంకులు. ఆకాశం నిండా మబ్బు. గుంత తవ్విన బీహారు కూలీలు గోడ పక్కన కూర్చుని బీడీలు తాగుతున్నారు. పెట్టె దించబోతూ సంఘపెద్ద ఆగిపోయి, "తూర్పు ఎటుంది?" అని అడిగాడు. ఒకరు అటన్నారు, ఒకరు ఇటన్నారు. చిన్నమ్మ మనవడు ఫోను తీసి దిక్కులు చూపించే దాన్ని తెరిచాడు. అది సరిగ్గా చూపించాలంటే ముందు ఫోనును గాలిలో గుండ్రంగా తిప్పాలట. అమ్మమ్మ పెట్టె పక్కన నిలబడి వాడు దిష్టి తీసినట్టు చెయ్యి తిప్పుతుంటే, పాస్టరు గారు ఓపిగ్గా చూస్తుంటే, నేను ఆపుకోలేకపోయాను. "అటు," అని వాడు చెయ్యి చూపించాడు. పెట్టెను ఆ చివర ఈ చివరకు తిప్పి దించారు. అంతా సక్రమంగా జరిగింది.

మా నాయనమ్మను పెట్టిన రోజు ఆ ఫోను మా దగ్గర ఉంటే ఎంత బాగుండేది. ఆ మాట మనసులోకి రాగానే నా నవ్వు పోయింది.

మా వాళ్లలో చనిపోయినవాళ్లను తల పడమటికి, కాళ్లు తూర్పుకు ఉండేట్టు పడుకోబెడతారు. ప్రభువు మళ్లీ వచ్చేది తూర్పు నుంచి అని, ఆ రోజు బూర మోగగానే సమాధుల్లోంచి లేచి కూర్చుంటే ఆయన ముఖమే ఎదురుగా కనిపించాలని మా నమ్మకం. చదువుకున్న పాస్టర్లు ఇప్పుడు దీన్ని పెద్దగా పట్టించుకోరు. మా నాయనమ్మకు మాత్రం ఇందులో రాజీ లేదు. బతికుండగానే ఆమె తన నులక మంచాన్ని అట్లా వేసుకునేది, తల పడమర, కాళ్లు తూర్పు. ఎండాకాలం వాకిట్లో పడుకున్నా అంతే, వానాకాలం ఇంట్లో పడుకున్నా అంతే. ఇల్లు ఇరుకు కావడంతో ఆ మంచం సరిగ్గా దారికి అడ్డం పడేది. మా అమ్మ బిందెతో వచ్చిన ప్రతిసారీ మోకాలు కొట్టుకుని తనలో తాను గొణుక్కునేది.

"ఎందుకే నాయనమ్మా, ఇట్లనే పండుకుంటవ్?" అని అడిగితే, "అలవాటు చేసుకుంటున్న బిడ్డా. ఆ రోజు నిద్రకండ్లతోని గాబరా కావద్దు గదా," అనేది. పొద్దున లేవగానే ముఖం కడుక్కోకముందే తూర్పు వైపు ఒక చూపు చూసేది. "ఇయ్యాల రాలే," అని లేచి పేడకళ్లు ఎత్తడానికి పోయేది. ఆ మాటలో బాధేమీ ఉండేది కాదు. పాలవాడు రాలేదని చెప్పినట్టు చెప్పేది.

మా పాత సమాధుల తోట వాగు గట్టున ఉండేది. నిజంగానే తోట అది. సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు, మోకాలెత్తు గడ్డి. తాత పాము కరిచి పోయాడట, నేను చూడలేదు. ఆయన సమాధి పక్కన కొంచెం జాగా వదిలి, చుట్టూ వాగులోని గుండ్రాళ్లు పేర్చి, వాటికి సున్నం వేసింది నాయనమ్మ. "ఇది నా జాగ. ఎవ్వలన్న వచ్చి పండుకునేరు," అని వచ్చినవాళ్లకు చూపించేది. ఆదివారం ప్రార్థన కాగానే చీపురు పట్టుకుని అక్కడికి పోయేది. వెంట మేము, అంటే నేనూ, మా వాడలోని ఇంకో నలుగురైదుగురం కోతులం. కొంగులో జొన్నరొట్టెలు, వాటి మధ్య పుంటికూర తొక్కు, ఒక ఉల్లిగడ్డ. ఊడ్చినాక తాత సమాధి అంచున కూర్చుని అందరికీ తుంచి పెట్టేది. పుల్లటి ఆ తొక్కు వాసన, ఎండకు కాగిన గడ్డి వాసన కలిసి ముక్కుకు తగులుతుంటే ఆకలి రెండింతలయ్యేది. సమాధుల దగ్గర తినకూడదని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆమె అటు తిరిగి రాళ్లకు సున్నం వేస్తుంటే ఇటు మేము ఒక ఆట ఆడేవాళ్లం. తలా ఒక సమాధి మీద పడుకుని కళ్లు మూసుకోవాలి. ఒకడు బొప్పాయి కాడను బూరగా చేసి ఊదుతాడు. ఊదగానే లేవాలి. ఆలస్యంగా లేచినవాడు నరకానికి పోయినట్టు. నరకమంటే వాగు గట్టున ఉన్న తుమ్మకంప, అందులోకి తోసేవాళ్లం. ఒకసారి నేను నిజంగానే నిద్రపోయాను. బూర ఊదినా లేవకపోయేసరికి అంతా కలిసి నన్ను కంపలోకి ఈడుస్తుంటే నాయనమ్మ చూసింది. వీపులు పగులుతాయనుకున్నాం. ఆమె దగ్గరికి వచ్చి, నేను పడుకున్న సమాధిని చూసి, నా జుట్టు పట్టుకుంది.

"తల ఇటు పెడ్తరానే? వాగు దిక్కు తల పెట్టి పండుకుంటే లేసినంక ఎవని ముఖం చూస్తవ్? ఆడితే మంచిగ ఆడుండ్రి."

తరువాత మమ్మల్నందరినీ వరసగా సరిగ్గా పడుకోబెట్టింది. ఆ పూట బూర ఆమే ఊదింది.

నా చిన్నతనానికే వాగు పాడైపోయింది. నాయనమ్మ చెప్పే వాగు వేరు. దాని ఇసుకలో చెలిమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవట, పరక చేపలను కొంగుతో పట్టేవారట. నాకు తెలిసిన వాగు ఒకరోజు ఇటుక రంగులో, ఒకరోజు నల్లగా, ఒక్కోసారి సబ్బు నురగతో పారేది. వాన పడితే ఇంకా కంపు కొట్టేది, ఎందుకంటే వాన చాటున కంపెనీల వాళ్లు తొట్లు ఖాళీ చేసేవారని పెద్దలు అనుకునేవారు. ఊరికి పడమర దిక్కున పెద్ద కంపెనీ ఒకటి లేచింది. మందుల్లో కలిపే పొడులు చేస్తారన్నారు. మా బర్రె పాలు కాస్తే గోళీల వాసన వచ్చేది. పిల్లలం ముక్కు మూసుకుని తాగేవాళ్లం. ఆ పాలు తాగితే ఇక జ్వరం రాదని మా నాయన హాస్యమాడేవాడు.

ఆ కంపెనీ పొగగొట్టం మా ఊరి ఆకాశంలో అన్నిటికంటే ఎత్తు. క్రమంగా మా లెక్కలన్నీ దాని మీదికి వచ్చాయి. పొద్దు మూరెడెక్కింది అనేవాళ్లు పోయి మొదటి సైరన్ అయింది అనేవాళ్లు వచ్చారు. ఫలానా చెలక ఎటుందంటే గొట్టానికి ఇవతల అనేవారు. గుంతలు తవ్వే పెద్దాయన ఒకడు ఉండేవాడు మా వాడలో. ఆయన కూడా సూర్యుణ్ణి చూడడం మానేశాడు. సమాధుల తోటకు పడమరగా గొట్టం, తూర్పుగా వాగు. "తల గొట్టం దిక్కు, కాళ్లు వాగు దిక్కు," అని పలుగు దించేవాడు. ఎప్పుడూ తప్పు పోలేదు.

మా నాయన ఆ కంపెనీలోనే డ్రమ్ములు దొర్లించేవాడు. చెలక మీద జొన్న పండడం మానేశాక ఊళ్లో సగంమంది మగవాళ్లకు అదే గతి. ఆయన చేతులు పసుపుపచ్చగా ఉండేవి, ఎంత రుద్దినా పోయేది కాదు. నన్ను ఎత్తుకుంటే నా గౌనుకు ఆ పసుపు అంటేది. "పర్మనెంట్ అయితే," అన్న మాటతో ఆయన ప్రతి సంగతీ మొదలుపెట్టేవాడు. పర్మనెంట్ అయితే ఇల్లు కప్పిస్తా, పర్మనెంట్ అయితే నిన్ను సంగారెడ్డి బడిలో వేస్తా. నాయనమ్మ ప్రభువు కోసం చూసేది, నాయన పర్మనెంట్ కోసం చూసేవాడు. మా అమ్మ మాత్రం రేషను బియ్యం కోసం చూసేది, ముగ్గురిలో ఆమెకే అప్పుడప్పుడు దొరికేది.

క్రిస్మస్ ముందు మా వాకిట్లో పాత చీర పరిచి సకినాలు చుట్టేవారు. పక్కింటి కుమ్మరి అవ్వ సాయానికి వచ్చేది. నాయనమ్మకూ ఆమెకూ చిన్ననాటి స్నేహం, ఇద్దరికీ నోరు ఆగదు. వాము, నువ్వులు కలిపిన పిండి వాసన ఒక పక్క, గాలి మళ్లినప్పుడు కంపెనీ నుంచి కుళ్లిన గుడ్ల వాసన ఒక పక్క. ఆ ఏడాది గాలి అటునుంచే వీస్తుంటే కుమ్మరి అవ్వ ముక్కుకు కొంగు కట్టుకుని సకినం చుడుతూ అంది:

"మీరు సచ్చినంక లేస్తరంట గదనే. లేసి ఏం జేస్తవే, మళ్ల ఈ కంపేనాయె."

"ఆయనొచ్చినంక కంపెక్కడుంటది? వాగు మళ్ల తేటగైతది. నిన్ను గూడ పిలుస్త, పరకలు పులుసు వెట్టుకుందం."

"నన్ను కాలబెట్టినంక ఏం బిలుస్తవ్, బూడిదనా?"

"మట్టిని మనిషిని చేసినోనికి బూడిద ఒక లెక్కనా?"

కుమ్మరి అవ్వ వేళ్ల మధ్య పిండి తిప్పడం ఆపింది. "మట్టి సంగతి నాకు చెప్పకు. మట్టిని నేను గూడ కుండ చేస్త. పలిగిన కుండను మళ్ల చేసుడు మాత్రం నాతోని కాలే, మా అయ్యతోని కాలే."

నాయనమ్మ చేతిలోని సకినాన్ని చుట్టడం పూర్తి చేసింది. తరువాత, "అందుకే నువ్వు కుమ్మరిదానివైనవ్, దేవునివి కాలే," అంది. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నేను పచ్చి పిండి దొంగిలించి నోట్లో వేసుకుని ఆ నవ్వుల మధ్య తప్పించుకున్నాను.

ఆ తరువాత వేసవిలో మా బర్రె వాగు నీళ్లు తాగి చచ్చిపోయింది. ఇంకా కొందరివి కూడా పోయాయి. ఆ ఆదివారం ప్రార్థనలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. మా అయ్యగారు, అంటే పాస్టరు, సంగారెడ్డి నుంచి బస్సు దిగి నడిచి వచ్చేవాడు. బక్క మనిషి, తెల్ల చొక్కా కాలరు చిరిగి లోపలికి మడిచి కుట్టి ఉండేది. ఆయన ఆ రోజు నిరీక్షణ గురించి చెప్పాడు. మాలో ఆశ అనరు, నిరీక్షణ అనే అంటారు.

"రోడ్డు మీద నిలబడ్డోనికి బస్సు కనిపిస్తదా? కనిపించదు. కనిపించకున్నా ఇంటికి మళ్లడు. వస్తదని ఎరుక గనుక నిలబడ్తడు. కనిపించినంక ఇగ నిరీక్షణ ఎందుకు?"

చాప మీద ఆడవాళ్ల మధ్య నుంచి నాయనమ్మ గొంతు లేచింది. "అయ్యగారూ, మన ఊరికి బస్సు రాని రోజులు గూడ ఉన్నయి గదా."

అంతా నవ్వారు. అయ్యగారు కూడా నవ్వాడు. "ఉన్నయమ్మా. మరి అటువంటి రోజు నువ్వేం చేస్తవ్?"

"నడుస్త."

"ఎటు దిక్కు?"

"ఇంటి దిక్కే. ఇంకెటు నడుస్త?"

"గంతే," అన్నాడు ఆయన. "గదే నిరీక్షణ."

నాకు అప్పుడు పెద్దగా అర్థం కాలేదు. నాయనమ్మ మాత్రం తన ప్రశ్నకు తనతోనే జవాబు చెప్పించాడని దారి పొడవునా మురిసిపోయింది.

ఆమెకు దగ్గు ఎప్పటి నుంచో ఉంది. ఆ వానాకాలం అది ముదిరింది. సంగారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకుపోతే మందులు రాసిచ్చి పంపారు. ఇంటికి వచ్చాక మంచం దిగలేదు. ముసురు పట్టి సూర్యుడు కనిపించడం లేదు, అయినా పొద్దున్నే మెడ ఎత్తి గుమ్మం వైపు చూసేది. "ఇయ్యాల రాలే," అనే ఓపిక లేక చెయ్యి ఊపేది. పోయే ముందటి రోజు నాయనను పిలిచి, ఆయన పసుపు చేతిని పట్టుకుంది.

"మీ నాయన పక్కన పెట్టు బిడ్డా. కాళ్లు పొద్దు దిక్కు. జెర చూసుకో."

"చూసుకుంట లేమ్మా. నువ్వు పండుకో."

ఆమె జీవితంలో కొడుకును అడిగింది అదొక్కటే. మాకు తెలిసి ఎవరినీ ఏదీ అడగలేదు.

గుంతలు తవ్వే పెద్దాయన తాత పక్కన, ఆ సున్నపు రాళ్ల మధ్య పలుగు దించాడు. నడుము లోతుకు పోయేసరికి నీళ్లు ఊరాయి. మామూలు ఊటనీళ్లు కావు. ఎర్రగా, నూనె తేలుతూ ఉన్నాయి. వాటి కంపుకు పైన నిలబడ్డవాళ్ల కళ్లు మండాయి. బకెట్లతో తోడారు. తోడినకొద్దీ ఊరాయి. గుంతలో దిగిన పెద్దాయన కాళ్లకు దురద పుట్టి పైకి వచ్చేశాడు. ఇంకోచోట తవ్వారు, అక్కడా అంతే. వాగు ఎప్పుడో గట్టు కిందుగా పాకి మా వాళ్లందరి దగ్గరికీ వెళ్లిందని ఆ రోజు మాకు తెలిసింది. తాత కూడా ఆ నీళ్లలోనే ఉన్నాడు. నాయన గుంత అంచున గొంతుక్కూర్చుని ఆ ఎర్రనీళ్లను చూస్తూ ఉండిపోయాడు. ఆ డ్రమ్ములు దొర్లించింది ఆయనే కదా.

వాన పెరిగింది. చీకటి పడకముందే పని కావాలి. చివరికి అయ్యగారే అన్నాడు, మెరక చూసి పెడదామని. మెరక ఉన్నది కంపెనీకి అవతల, గుట్ట అంచున. పెట్టెను ఎత్తుకుని కంపెనీ ప్రహరీ చుట్టూ బురదలో నడిచారు. పిల్లలం వెనక పరుగెత్తాం. అక్కడ మట్టి ఎర్రగా, గట్టిగా ఉంది, నీళ్లు ఊరలేదు. అందరికీ ప్రాణం లేచివచ్చింది. పెద్దాయన వాన నీళ్లు తుడుచుకుని, తల ఎత్తి గొట్టం ఎక్కడుందో చూసుకున్నాడు. "తల గొట్టం దిక్కు," అన్నాడు ఎప్పటిలాగే. పెట్టె దించారు. తల వైపు కర్ర సిలువ పాతారు. అందరం తలా పిడికెడు మట్టి వేశాం. నాయన ఆమె చెప్పిన మాట సగమైనా నిలబెట్టుకున్నానన్న ముఖంతో ఇంటికి వచ్చాడు.

మూడోనాటి ప్రార్థనకు పొద్దున్నే పోయాం. ముసురు విడిచింది. నేను బంతిపూలు పట్టుకుని ముందు నడుస్తున్నాను. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను కళ్లు తెరిచి చూశాను. కంపెనీ గోడ వెనక నుంచి, గొట్టం పక్క నుంచి సూర్యుడు పైకి వచ్చాడు. సిలువ నీడ సమాధి మీదుగా నాయనమ్మ కాళ్ల వైపు సాగింది, కాళ్లు దాటి గుట్ట వైపు పోయింది.

"నాయనా," అన్నాను, ప్రార్థన మధ్యలోనే. "నాయనమ్మ తల పొద్దు దిక్కుంది."

ప్రార్థన ఆగిపోయింది. అందరూ కళ్లు తెరిచారు. ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. మేము కంపెనీకి ఇవతలి నుంచి అవతలికి వచ్చాం. ఊరి నుంచి చూస్తే గొట్టం పడమర, ఇక్కడి నుంచి చూస్తే తూర్పు. గుంతలు తవ్వే పెద్దాయన తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

"తప్పు నాది గూడ," అన్నాడు అయ్యగారు. "నేను గూడ చూసుకోకపోతి." తరువాత నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నాకే చెప్తున్నట్టు అన్నాడు: "భయపడకు బిడ్డా. ఆయన ఒచ్చినప్పుడు మనిషి మనిషిని పేరు వెట్టి పిలుస్తడు. ఎనక నుంచి పేరు వెట్టి పిలిస్తే మనిషి తిరిగి చూడదా? మీ నాయనమ్మ గూడ తిరిగి చూస్తది."

నాకు ఎంతో ధైర్యం వచ్చింది. నాయనమ్మ లేచి, మొదట గుట్టను చూసి, తరువాత పేరు విని, "ఎవల్లు?" అంటూ వెనక్కి తిరగడం నా కళ్లకు కట్టింది. అప్పుడు మా నాయన అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా:

"పిలిచేటోడు ఉంటే గదా అయ్యగారు."

ఆ మాటకు అయ్యగారు జవాబు చెప్పలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఇప్పటికీ కొంచెం ఉంది. ఏదో ఒకటి చెప్పాల్సింది.

ఇంటికి వచ్చిన కుమ్మరి అవ్వ సంగతంతా విని మా అమ్మ పక్కన కూలబడింది. "మంచిగైంది పో," అంది ముక్కు చీదుతూ. "సరిగ్గ పెడితే లేసినంక ఆ గొట్టమే కనిపించు. ఇప్పుడు గుట్ట కనిపిస్తది, సీతాఫలం చెట్లు కనిపిస్తయి." ఓదార్చడానికే అంది. కానీ నాయనమ్మ కోరింది చెట్లను కాదని ఆమెకూ తెలుసు.

తరువాతి ఆదివారం నాయన గడ్డపార భుజాన వేసుకుని బయలుదేరాడు. ఎక్కడికని అమ్మ అడగలేదు. నేను వెంటపడ్డాను, వద్దనలేదు. సమాధి దగ్గర గడ్డపార నేలకు గుచ్చి, పక్కన ఒక రాయి మీద కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. కంపెనీ సైరన్ మోగింది. ఆయన లేవలేదు.

"తవ్వి తిప్పుదం నాయనా," అన్నాను. "నేను మట్టి ఎత్తిపోస్త."

ఆయన గడ్డపార వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"తవ్వాలంటే, ఆమె లేస్తదని నమ్మాలె గదనే," అన్నాడు. "నమ్మకం లేకుంట తవ్వితే ఊరికే ఆమెను పరేషాన్ చేసినట్టు."

పసుపు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను నా చేతులతో ఆ మట్టిని కొంచెం గీకి, మళ్లీ సర్ది, ఊరుకున్నాను. వచ్చేటప్పుడు గడ్డపార నేనే మోశాను, ఆయన మర్చిపోయాడు. ఆ తరువాత నాయన ప్రార్థనకు రాలేదు. "పర్మనెంట్ అయితే" అన్న మాట కూడా ఆయన నోట మళ్లీ వినలేదు. కొన్నేళ్లకు కంపెనీ మూతపడింది. నాయన పోయేముందు, "నన్ను ఎటన్న పెట్టుండ్రి," అన్నాడు. మేము కాళ్లు తూర్పుకే పెట్టాం, ఆయన మాట వినకుండా.

చిన్నమ్మను మట్టి చేసి వస్తూ ఆ ఫోను పిల్లవాణ్ణి అడిగాను, దారిలోనే కదా, ఒకసారి గుట్ట దగ్గరికి తీసుకుపొమ్మని. కారు తిప్పాడు. కంపెనీ లేదు, గోడ అక్కడక్కడ మిగిలింది. గొట్టాన్ని ఎప్పుడో కూల్చి ఇనుము అమ్ముకున్నారు. గుట్ట కూడా లేదు. కంకర కొట్టి తీసుకుపోయారు, దాని చోట పెద్ద గొయ్యి, అందులో పచ్చటి నీళ్లు. నాయనమ్మను పెట్టిన చోట రంగురంగుల కమాను, లోపల సిమెంటు రోడ్లు, తెల్ల రాళ్లు పాతిన ప్లాట్లు. అమీన్‌పూర్‌లో మా అమ్మాయి అపార్ట్‌మెంటు కొన్నప్పుడు చూసినటువంటి బోర్డే ఇక్కడా ఉంది: అన్నీ ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్లే.

ఆమె ఏ రోడ్డు కింద ఉందో, ఏ ప్లాటులో ఉందో నాకు తెలియదు. లేచి కూర్చుంటే చూడడానికి ఆ గుట్ట కూడా మిగల్లేదు. వాగు సంగతి సరేసరి. నేను ఆదివారాలు మానను, పాటలు పాడతాను, పిల్లల కోసం మోకాళ్లు వంచుతాను. కానీ నిరీక్షణ ఉందా అని ఎవరైనా గట్టిగా అడిగితే లేదనే చెప్పాలి. అది మా ఇంట్లో నాయనమ్మతోనే పోయింది. ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వలేకపోయింది, మేము అడగనూ లేదు.

"పెద్దమ్మా, ఇంగ పోదమా? లేట్ అయితుంది," అన్నాడు పిల్లవాడు.

ఒక్క నిమిషం ఆగమన్నాను. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకూడదని మాకు నేర్పారు. తాత పోయాక మా ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లే లేరు. ఆ ఖాళీ రోడ్డు మధ్యలో నిలబడి, బాప్తిస్మంలో ఆమెకు పెట్టిన పేరుతో, పైకే పిలిచాను.

కమాను దగ్గర కుర్చీలో ఉన్న వాచ్‌మన్ తిరిగి చూశాడు. "కిస్కో బులారే మేడం? ఇధర్ కోయీ నహీ రహతా," అన్నాడు.

"మాలూమ్ హై," అన్నాను. ఇక్కడ ఎవరూ ఉండరని నాకూ తెలుసు.

మబ్బు విడుతోంది. కారు ఎక్కాలి. పిల్లవాడు హారన్ కొట్టాడు కూడా. అయినా వెంటనే కదలలేదు. ఆమెను పెట్టినట్టే తూర్పుకు వీపు పెట్టి, కాసేపు అక్కడే నిలబడ్డాను.